గోనెసంచిలో ఇంగ్లీషు మాట

ఇంగ్లీషులో నన్ను ఓడించే మొనగాడు నిజామాబాద్‌లో లేడని నా నమ్మకం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు నన్ను కంగారుపెట్టింది ఇంగ్లీషు కాదు, వెంట వచ్చిన మా బాపు. మార్కెట్ యార్డులో చూపించాలని, పాలిష్ పట్టని పసుపు కొమ్ములు చిన్న గోనెసంచిలో వేసుకొని వేల్పూర్ నుంచి నాతోనే బస్సెక్కాడు. ధోవతి నిండా పసుపు మరకలు.

"స్కూటర్ల షెడ్డు కాడనే కూసో బాపూ, లోపలికి రాకు," అన్నాను. దరఖాస్తులో తండ్రి వృత్తి 'వ్యాపారం' అని రాశాను మరి.

లోపల పెద్దసారు బోర్డు మీద 'కొరస్కేట్' అని రాసి, ఎదురుగా కూర్చున్న ఇంటర్ పిల్లలకు పాఠంగా చెప్పమన్నాడు.

"ధగధగ మెరవడం," అన్నాను. "మూలం లాటిన్. అక్కడ ఆ క్రియకు వేగంగా అదరడం, ఊగడం, మెరవడం అన్నీ అర్థాలే. అంతకుముందు ఎక్కడిదో పండితులే రూఢిగా చెప్పలేరు."

"ఊగుడుకు, మెరుసుడుకు ఏం సంబంధం మేడం?" అని ఒకమ్మాయి అడగనే అడిగింది.

నాకు బాగా తెలుసు. పాలిష్ డ్రమ్ములు రాకముందు ఎండిన కొమ్ములు గోనెసంచిలో వేసి, నేనో కొస, బాపు ఓ కొస పట్టుకొని ఊపేవాళ్ళం. ఒకదానికొకటి రాసుకొని పొట్టు రాలి కొమ్ములు మెరిసేవి. చెప్తే చాలదు, చూపించాలి. రెండో కొస పట్టే మనిషి షెడ్డులో ఉన్నాడు, దరఖాస్తు సారు చేతిలో ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. వరండాలోకి వెళ్ళి "బాపూ!" అని కేకేశాను.

చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచితో లోపలికి వచ్చాడు. ఇద్దరం ఊపాం. "గట్లగాదు, గుంజి వట్టు!" అని అందరి ముందూ కసిరాడు. గదంతా పసుపు దుమ్ము, సారుకు ఒకటే తుమ్ములు. కొమ్ములు కొంచెమే మెరిశాయి గానీ, పిల్లలకు ఆ మాత్రం చాలు.

"మీ నాన్నగారి వ్యాపారం ఇదేనా?" అన్నాడు సారు.

"వ్యాపారం కాదు సార్, సేద్యం. తప్పు రాశాను," అని కాగితం తీసుకొని అక్కడే కొట్టేసి దిద్దాను.

ఉద్యోగం ఇచ్చారు. ఇవ్వకపోతే వాళ్ళకే నష్టం. గేటు దాటాక, "సిగ్గయి గట్ల రాసిన బాపూ," అన్నాను.

"షెడ్డు కాడ కూసోమన్నప్పుడే ఎరుకైంది బిడ్డా. పిలుస్తవని గూడ ఎరుకే. గందుకే యార్డుకు పోలే."