హర్మల్ కషాయమూ, వామన్‌రావు గారి నాలుకా

వామన్‌రావు గారు ఏ వస్తువునైనా నాలుకపై పెట్టి చూడనిదే దాని పేరు నమ్మేవారు కారు. ఇది వారి ఏకైక దురలవాటు. తక్కిన దురలవాట్లకు వారికి తీరిక ఉండేది కాదు.

శాలిబండలో మా ఇళ్లు ఎదురెదురుగా ఉండేవి. ఉద్యోగాలు కూడా ఒకే చోట. వారు సర్కారీ రసాయన పరీక్షాలయంలో రెండవ పరీక్షకులు. నేను అక్కడే నకల్‌నవీసును; అనగా, వారు వ్రాసిన నివేదికలను మంచి దస్తూరితో మూడేసి ప్రతులు తీసి పంపే గుమాస్తాను. పోలీసు ఠాణాల నుండి అనుమానం గల సీసాలు, పొట్లాలు, గిన్నెలు మాకు వచ్చేవి. వాటిలో ఏ విషమున్నదో మేము తేల్చవలెను. అటువంటి చోట అటువంటి నాలుక గల మనిషి ఇరవై ఏళ్లు బ్రతికి ఉండడమే మా కార్యాలయం సాధించిన ఘనకార్యమని నా అభిప్రాయం.

ఒకనాడు నా సిరాబుడ్డిలో చిటికెనవేలు ముంచి చప్పరించినారు.

"మున్షీజీ, దుకాణపోడు నీళ్లు కలిపిండు."

"అయ్యా, అది సిరా!"

"సిరానే. మంచి సిరా గొంతుల పట్టాలె. ఇది పట్టలే."

నిజమే. ఆ నెలలో వ్రాసిన ప్రతులన్నీ వానలు రాకమునుపే వెలిసిపోయినవి.

వారి మేనకోడలు సూర్యప్రభ పెండ్లిలో, వరుని చేతికి పూసిన గంధాన్ని వేలితో తీసి నాలుకపై వేసుకొని, సరిగా ముహూర్తం వేళకు, "ఇది గంధం గాదు, కట్టెపొడి" అని ప్రకటించినారు. మగపెండ్లివారు లేచి నిలుచున్నారు. వారిని కూర్చుండబెట్టడానికి అరగంట పట్టినది.

వారి ధర్మపత్ని రాధాబాయమ్మ గారు తల పట్టుకొన్నారు. "మీరు మనిషేనా, బల్లినా? ప్రతిదానికీ నాలుక సాపుడేంది?"

"నాలుక మీదికి వచ్చినంక అబద్ధం ఎట్ల చెప్పాలె, రాధా?"

ఈ వాక్యాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన.

ఇక హర్మల్ వ్యవహారమునకు వస్తాను. అది పందొమ్మిది వందల యాభై నాలుగు, ఎండాకాలం. ఉదయం పది గంటలకు ఠాణా జవాను రామ్‌చందర్ ఒక ఇత్తడి గిన్నెను, ఒక గింజల పొట్లాన్ని, కొమురమ్మ అనే పాలమనిషిని తీసుకొని వచ్చినాడు. ఆమెను ఠాణాలో ఒంటరిగా విడువరాదని ఆజ్ఞ అట. అందుచేత మూడింటికీ కలిపి రసీదు అడిగినాడు.

"మనిషికి రసీదు ఇవ్వము" అన్నాను.

"గిన్నెకు ఇస్తరు, మనిషికి ఇయ్యరా? గిదేం దఫ్తరు సారూ!"

సంగతి ఇది. మాదన్నపేటలో ఆమె భర్త బాలనర్సింహ తెల్లవారుజామున ఒక కషాయం తాగినాడు. తాగిన గంటకు, తమ బర్రెకు కుర్చీ వేసి కూర్చోమని బ్రతిమాలినాడు. బర్రె కూర్చోకపోయేసరికి ఏడ్చినాడు. ఇరుగుపొరుగు వారు అతనిని దవాఖానాకు మోసుకొనిపోయినారు. అతని తమ్ముడు కొండల్ ఠాణాకు పోయి, బర్రెలను కాజేయుటకు వదినె ధతూర, అనగా ఉమ్మెత్త, పెట్టి అన్నను పిచ్చివానిని చేసినదని ఫిర్యాదు వ్రాయించినాడు. గిన్నెలో ధతూర ఉన్నదని మేము వ్రాస్తే ఆమె జైలుకు, బర్రెలు కొండల్‌కు.

"ధతూర గాదు సారూ, మైసమ్మ తోడు! హర్మల్ పెట్టిన" అని కొమురమ్మ నేలమీద కూలబడినది.

హర్మల్ అనగా దిష్టి తీయడానికి నిప్పులపై వేసి పొగ పెట్టే గింజలు. పాత పట్నంలో ఆ పొగ పట్టని గడప లేదు.

"అది పొగ పెట్టేది గదా, తాగిపిచ్చినవేంది?" అన్నారు వామన్‌రావు గారు.

"పొగ పైపైనే పోతది సారూ. మా ఆయనకు దిష్టి కడుపుల వడ్డది, నెల దినాల సంది బువ్వ తినడు. కడుపులకు పొగ ఎట్ల పోతది? అందుకే కషాయం కాసిన. చేదని బెల్లమేసిన. బెల్లముందని రెండు చెంబులు తాగిండు."

ఈ తర్కంలో లోపమేమిటో మా ముగ్గురిలో ఎవరికీ వెంటనే తోచలేదు.

వామన్‌రావు గారు అప్పటికే ఒక గింజ కొరికినారు. "ధతూర గాదు. ఈ చేదు వేరు."

మా సూపరింటెండెంటు సీమోను గారు తమ గది నుండి కేక వేసినారు. "వామన్‌రావ్! నాలుక సాక్ష్యం కచేరీలో చెల్లదు. పిల్లిని పిలువుము."

మా కార్యాలయంలో దివాన్ అనే పిల్లి ఉండేది. ధతూర కలిసిన నీరు ఒక్క చుక్క దాని కంట్లో వేస్తే కంటిపాప విప్పారుతుంది. ఆ రోజు కషాయం చుక్క వేసినా విప్పారలేదు. పిమ్మట వామన్‌రావు గారు కషాయంలో కొంచెము ఆమ్లం కలిపి, గాజు గొట్టాన్ని ఎండలో ఎత్తి పట్టినారు. గొట్టంలోని ద్రవం నీలంగా వెలిగినది.

"చూడుండ్రి! హర్మల్ గింజల సారాలు, హర్మీన్, హర్మలీన్. అక్కచెల్లెండ్లు. ఎండ తగిలితే చాలు, దాచుకోలేరు."

వారికి ఉత్సాహం వచ్చినది. "మున్షీజీ, దక్షిణ అమెరికా అడవిల ఒక తీగె ఉన్నది. దాని రసం తాగితే ఎదుటోని మనసు తెలుస్తదని దాని సారానికి పండితులు 'టెలిపథీన్' అని పేరు పెట్టిన్రు. మస్తు పేరు! తీరా చూస్తే ఏందది? బార్కస్ బజార్ల దొరికే మన హర్మల్ల ఉన్న హర్మీనే."

కేసు తేలిపోయినది. నేను కాగితం సిద్ధపరచుకొన్నాను. కాని కొమురమ్మ ఏడుపు ఆపలేదు.

"జైలుకు పోతే పోతి సారూ. మా ఆయన ఇగ గిట్లనే ఉంటడా? ఎప్పటికి మంచిగైతడు?"

వామన్‌రావు గారు గ్రంథాలు తిరగవేసినారు. స్ఫటికముల రంగు ఉన్నది, కరుగు వేడిమి ఉన్నది. మాదన్నపేట బాలనర్సింహ ఎప్పటికి లేచి కూర్చుండునో ఏ గ్రంథంలోనూ లేదు.

"అది మన శాఖకు సంబంధించిన ప్రశ్న కాదు" అన్నారు సీమోను గారు.

వామన్‌రావు గారు గ్రంథం మూసి లేచినారు. కొమురమ్మ చేతనే, అన్నే గింజలు, అన్నే నీళ్లు పోయించి, అంతే సేపు మరిగింపజేసి, ఒక చెంబుడు గటగట తాగివేసినారు. పాఠకులెవరూ దీనిని అనుకరింపరాదు. ఇటువంటి కషాయముతో ప్రాణాపాయం కలదు. ఈ మాట నేను ఆనాడే వారి చెవిలో అరచినాను.

"అరవకుండ్రి. టైం రాసుకోండ్రి."

వ్రాసుకొన్నాను. ఆ ప్రతి నా వద్ద ఇప్పటికీ ఉన్నది.

'పదకొండు గంటలు: సేవించినారు. రుచి, రాధాబాయమ్మ గారి కాకరకాయ కూరకు పెద్దన్న అని సెలవిచ్చినారు.

పదకొండున్నర: చేతులు వణుకుచున్నవి. భయము వలన కాదని వ్రాయుమన్నారు.

పన్నెండు: వాంతి, రెండుసార్లు. మూడని జవాను వాదము.

పన్నెండున్నర: కన్నులు మూసినచో రంగురంగుల చీరె అంచులు పారుచున్నవనియు, తెరచినచో కార్యాలయమే కనిపించుచున్నదనియు విచారము వెలిబుచ్చినారు.

ఒంటిగంట: పిల్లిని "తమరు" అని సంబోధించినారు. పిల్లి ఆక్షేపింపలేదు.

ఒకటింబావు: తమ మనస్సులో ఏమున్నదో చెప్పుమని సూపరింటెండెంటు గారు అడిగినారు. "ఖాళీ" అని జవాబు. ఈ వాక్యమును కొట్టివేయుమని ఆజ్ఞ అయినది. కొట్టివేయబడినది.'

కొమురమ్మ ఏడుపు మరచి, వారి ఎదుట చాపమీద కూర్చుండి కన్నార్పక చూచుచున్నది.

"గంతే సారూ! అచ్చం గిట్లనే మా ఆయన గూడ!"

"చూస్తుండు కొమురమ్మా. నేను మంచిగైతే ఆయన గూడ మంచిగైతడు. ఫికర్ జెయ్యకు" అన్నారు వామన్‌రావు గారు, ఆమె ప్రక్కన ఉన్న నీళ్ల కుండతో.

మూడు గంటలకు వణుకు తగ్గినది. నాలుగున్నరకు నన్ను నన్నుగా గుర్తించినారు. అయిదున్నరకు, "ఆకలైతుంది. ఏమన్న ఉన్నదా?" అన్నారు. జవాను తన డబ్బాలోని జొన్నరొట్టె తీసి ఇచ్చినాడు. వామన్‌రావు గారు కొరికి, "ఉప్పు తక్కువ" అన్నారు.

కొమురమ్మ నవ్వినది. ఆ ఉదయం నుండి అదే మొదటిసారి.

"నేను ఒక చెంబు, ఆయన రెండు" అని వామన్‌రావు గారు వేళ్లు మడిచి లెక్క వేసినారు. "రేపు పొద్దుగాల వరకు లేస్తడు. పో, ఫికర్ లేదు."

మరునాటి ఉదయం దవాఖానాలో బాలనర్సింహ కన్ను తెరచి, "బర్రెలకు కుడితి పెట్టిన్రా?" అని అడిగినాడు. ఆ ఒక్క మాటతో కొండల్ ఆశ కొండెక్కినది. మా నివేదిక ఠాణాకు చేరి, ఆమెపై అనుమానం కొట్టివేయబడినది. నెల దినాలుగా తినని బాలనర్సింహ ఆ మధ్యాహ్నం నలుగురి అన్నం తిన్నాడు. దిష్టి పోయినదని కొమురమ్మ నేటికీ నమ్ముతున్నది.

నేను వామన్‌రావు గారిని అడిగినాను. "పిల్లీ చెప్పినది, ఎండా చెప్పినది. ఇక తమరు తాగవలసిన అవసరమేమి?"

"కాయితం అడిగింది, ఏం మందని. కొమురమ్మ అడిగింది, ఎప్పుడు తగ్గుతదని. కాయితానికి పిల్లి చాలు మున్షీజీ."

నాటి నుండి మా కార్యాలయం చాయ్‌కు కొమురమ్మే పాలు పోసేది. ప్రతి ఉదయం వామన్‌రావు గారు చెంబులో వేలు ముంచి చప్పరించి, "ఫస్ట్ క్లాస్!" అనేవారు. ఆమె ముఖం వికసించేది.

ఒకనాడు, ఎవరూ లేనప్పుడు, నేను కూడా వేలు ముంచినాను. నా నాలుకకు వారి విద్వత్తు లేదు. అయినను నాకే తెలిసిపోయినది. నిలదీసినాను. "సూర్యప్రభ పెండ్లిలో గంధమును విడువని తమరు, ఇన్ని నీళ్లను ఎట్లు విడిచినారు?"

వామన్‌రావు గారు తలుపు వైపు చూచి, గొంతు తగ్గించినారు. "మూడు పాళ్లు పాలు, ఒక పాలు నీళ్లు. రెండు బర్రెలల్ల ఒకటి వట్టిపోయింది. దాని బదులు గండిపేట చెరువు పాలిస్తున్నది."

"మరి ఫస్ట్ క్లాస్ అని అబద్ధం..."

"అబద్ధమేంది? గండిపేట నీళ్లు ఫస్ట్ క్లాసే గదా!"

ఆ నెలాఖరున కార్యాలయమునకు వచ్చు పాల నాణ్యతను గూర్చి ధ్రువపత్రం పంపవలసి వచ్చినది. 'పరీక్షింపబడినవి, సంతృప్తికరము' అని వామన్‌రావు గారు సంతకం చేసినారు. నేను మూడు ప్రతులు తీసినాను. సిరాలో మాత్రం నీళ్లు లేవు.