రికార్డులో లేని బండి దారి

అప్పీలు కోర్టంటే జనానికి ఎంత గౌరవమో. కింది కోర్టులో ఓడిపోయినవాడు ఏలూరు బస్సెక్కేటప్పుడు వాడి ముఖం చూడాలి. అక్కడెవరో పెద్దాయన తన గోడు మళ్ళీ మొదటినుంచీ వింటాడని ఆశ. రెండు వేల సంవత్సరం దాటాక నేను ఏలూరులో ఒక సీనియర్ దగ్గర జూనియర్ వకీలుగా చేరాను. అక్కడున్న నాలుగేళ్ళలో అప్పీలు కోర్టు ఎవరి గోడూ వినగా నేను చూడలేదు. అది కాగితాలు చదువుతుంది. కింది కోర్టు నుంచి వచ్చిన కట్టలో ఉన్నదే జరిగింది, లేనిది జరగనే లేదు. మా సీనియర్ గారు ఆ కట్టను భక్తిగా ‘రికార్డు’ అనేవారు. ఇప్పటికీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి వైపు దిగే ఊళ్ళలో ఒకదాన్నించి ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. వరికోతలకీ, చేపల చెరువుల మీద పనికీ వెళ్ళేది. ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు. పక్క పొలం రైతు ఆ స్థలం తనదేననీ, జాలిపడి ఉండనిచ్చాననీ, ఖాళీ చేయించమనీ గూడెం కోర్టులో దావా వేశాడు. కాగితాలు ఇద్దరివీ అంతంతమాత్రమే. ఆవిడ దగ్గర గట్టిగా ఉన్నది ఒక్క సంగతి.

“ఆరేళ్ళ కిందట ఆయనే వచ్చి బండి దారి అడిగాడండీ. ఆదివారం ప్రార్థనయ్యాక, పాస్టరు గారి ముందే. నీ స్థలంలోంచి రెండు గజాలు వదులమ్మా, ధాన్యం బండి తిరగట్లేదు అన్నాడండీ. నేను కంచె వెనక్కి జరుపుకుని వదిలానండీ. తన స్థలమే అయితే నన్ను అడగడమెందుకండీ?”

మూడేళ్ళు లా చదివిన నేను అంత చక్కగా ఏనాడూ వాదించలేదు. సరేనమ్మా, రాస్తాం అన్నాను.

అప్పటికి చట్టం మార్చారు. సివిలు దావాలో సాక్షి బోనెక్కి తన కథ తన నోటితో చెప్పనక్కర్లేదు. వకీలు టైపు చేయించిన చీఫ్ అఫిడవిట్ దాఖలు చేస్తే చాలు. దానివల్ల కాలం ఆదా అవుతుందన్నారు. అయింది, నాకు. పాత అఫిడవిట్ ఒకటి ముందు పెట్టుకుని, పేర్లూ సర్వే నంబర్లూ మార్చి గంటలో ముగించాను. బండి దారి గురించి రాయబోతే సీనియర్ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

“ఈ కథలన్నీ ఎందుకయ్యా? జవాబు దావాలో లేనిది ఇందులో రాస్తే అవతలివాళ్ళు పట్టుకోరూ?”

రైతు దావాకి ఆవిడ తరఫున ఆ జవాబు దావా రాసిందీ నేనే. అందులోనూ వదిలేశాను. ఇప్పుడు ఇందులోంచీ కొట్టేశాను. ఆవిడ నమ్మకంగా వేలిముద్ర వేసింది. బోనులో అవతలి వకీలు అడిగినవాటికి అవునండీ, కాదండీ అని చెప్పి దిగింది. బండి దారి సంగతి ఆయన అడగలేదు, తన కొంప తాను కూల్చుకుంటాడా? పాస్టరు గారిని మేము పిలవలేదు. దావాలో ఓడిపోయాం.

ఏలూరులో అప్పీలు వేశాం. ‘కింది కోర్టు తీర్పు చట్టానికీ సాక్ష్యానికీ విరుద్ధం’ అని మొదలుపెట్టడం నాకు కంఠతా వచ్చు. ఆ వాక్యం ఏ తీర్పుకైనా అతుకుతుంది, అందుకే దానికి కాణీ విలువ లేదు. ప్రతి వాయిదాకీ ఆవిడ రెండు బస్సులు మారి, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని వచ్చి వెనక బల్ల మీద కూర్చునేది.

“నన్నెప్పుడు పిలుస్తారండీ?”

“ఇక్కడ సాక్షుల్ని పిలవరమ్మా.”

ఆవిడ నమ్మలేదు. పిలవకుండా ఎలా తేలుస్తారని ఆవిడ అనుమానం. క్రిమినలు అప్పీళ్ళయితే శిక్ష పడ్డవాడు జైల్లో ఉంటాడు కనుక ఎవరో ఒకరు పేజీలైనా తిప్పుతారు, అనుమానం మిగిలితే వదిలిపెడతారు. సివిలులో ఆ బెంగ లేదు. పైగా సాక్షి ముఖం చూసింది కింది జడ్జి గారు కాబట్టి ఆయన అంచనాకే విలువంటారు. ఏం చూశారు నా మొహం! ఆవిడ బోనులో ఉన్నంతసేపూ ఆయన తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నారు.

వాదనల రోజున పై జడ్జి గారు సరైన ప్రశ్నే వేశారు. “ఆ స్థలం ఆవిడదని వాది ఎప్పుడైనా ఒప్పుకున్నట్టు రికార్డులో ఏమైనా ఉందా?” సీనియర్ గారు నావైపు తిరిగారు. లేదని తెలిసీ నేను కట్ట తిరగేశాను.

“లేదండీ” అన్నారు సీనియర్ గారు.

“ఉందండీ! బండి దారి అడిగాడండీ!” వెనకనుంచి ఆవిడ లేచి నిలబడింది.

బంట్రోతు పరిగెత్తుకెళ్ళి కూర్చోబెట్టాడు. జడ్జి గారు జాలిగానే చూసి మళ్ళీ కాగితాల్లోకి దిగారు.

బయటికొచ్చాక, అదనపు సాక్ష్యానికి పిటిషన్ వేద్దామా సార్ అన్నాను. పాస్టరు గారు వస్తానంటున్నారు.

“కింది కోర్టులో ఎందుకు చెప్పించలేదో కారణం రాయాలి. ఏం రాస్తావు? మా జూనియర్ ఎగరగొట్టాడనా?” అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మీద నాకెంత చులకన ఉన్నా, ఆ రోజు నేను నవ్విన నవ్వంత నీచమైనది నాకింకేదీ కనబడదు.

అప్పీలు కొట్టేశారు. హైదరాబాదులో హైకోర్టుకి వెళ్తే అక్కడ చట్టానికి సంబంధించిన ప్రశ్న ఉంటేనే వింటారు. మొదటి రోజే పంపేశారు.

ఆ తర్వాత వారం ఆవిడ ఆఫీసుకి వచ్చింది. ఏలూరు కోర్టు తీర్పు నకలు వాళ్ళ ఊరి టీచరు చదివి వినిపించారట.

“ఆ మాట నేను చెప్పలేదని రాశారంటండీ. మా ఆయనా మా మరుదులూ నా మీద పడుతున్నారండీ. అంత మాట కోర్టులో చెప్పకుండా నోరు మూసుకుని వచ్చావా అని. మీకు చెప్పాను కదండీ, బాబూ?”

“చెప్పావమ్మా.”

“ఆ ముక్క మీరొచ్చి మావాళ్ళతో అనండి. ఇల్లు ఎలాగూ పోయింది. నేను చెప్పానని చెప్పండి, చాలు.”

ఆదివారం వస్తానన్నాను. బస్సు దిగేచోట వాళ్ళాయన్ని తీసుకుని నిలబడి ఉంటానంది. నేను వెళ్ళలేదు.