మాట ఎవరిదైతే కర్ర వారిదే

మార్చి నెల వచ్చిందంటే సత్తెనపల్లిలో మా కుట్టుమిషను షాపు ముందు నుంచి మిరపకాయల లారీలు వరసకట్టి గుంటూరు వైపు పోతుంటాయి. పైన ఎన్ని పట్టాలు కప్పినా ఆ ఘాటు ఆగదు. ముందు ముక్కులోకి, ఆ తర్వాత గొంతులోకి, చివరికి కుట్టి మడతపెట్టిన జాకెట్లలోకి కూడా దూరుతుంది. కొలత ఇస్తూ నిలబడ్డ ఆవిడ ఆ ఘాటుకి తుమ్మిందంటే నడుం దగ్గర టేపు రెండంగుళాలు పెరుగుతుంది, ఆ రెండంగుళాలూ తుమ్మువే గానీ తనవి కావని ఆవిడ వాదిస్తుంది, నేను ఒప్పుకుంటాను. వ్యాపారం మరి. కానీ ఆ ఘాటు తగిలినప్పుడల్లా నా చూపు షాపు గోడ మీది మేకుకి పోతుంది. ఆ మేకుకి మా కాలనీ సంక్షేమ సంఘం తాళాల గుత్తి వేలాడుతుంటుంది: మోటారు గదిది ఒకటి, సంఘం గదిది ఒకటి, దేనిదో ఎవరికీ తెలియనిది ఒకటి.

ఆ గుత్తి నా గోడకి ఎక్కి రెండేళ్ళయింది. అప్పట్లో మోటారు కాలిపోయి మూడు రోజులు కాలనీకి నీళ్ళు లేవు. అందరం పార్కులో సిమెంటు బల్లల మీద కూర్చున్నాం. బ్యాంకులో పనిచేసి రిటైరైన మూర్తిగారు లేచి, సంఘం బాధ్యత తీసుకోవడానికి ఎవరైనా స్వచ్ఛందంగా ముందుకు రావాలన్నారు. అంతే, నలభై ఇళ్ళవాళ్ళూ వాళ్ళ వాళ్ళ చెప్పులకేసి చూసుకోవడం మొదలుపెట్టారు, అవి కొన్నప్పుడు కూడా అంత శ్రద్ధగా చూసి ఉండరు. నేనూ చూసుకుంటూ ఉండాల్సింది. ఉండలేక, "మూర్తిగారూ, మన కాలనీలో ముందుకొచ్చేవి బాల్కనీలు మాత్రమేనండీ" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. మూర్తిగారు మాత్రం నవ్వలేదు. "అయితే పద్మగారు చూసుకుంటారు" అని చప్పట్లు కొట్టారు. నలభై ఇళ్ళూ కొట్టాయి. తీర్మానం పుస్తకంలో నేను స్వచ్ఛందంగా ముందుకు వచ్చినట్టు రాశారు. బోనులో పడ్డ ఎలుక కూడా లోపలికి స్వచ్ఛందంగానే వెళ్ళింది, కాదని ఎవరంటారు?

తెల్లవారి ఐదింటికి మోటారు వేయాలి, ఏడింటికి ఆపాలి, మధ్యలో వాల్వులు తిప్పాలి. ఆ రోజు నుంచి ఈ ఊరు దాటి ఒక్క రాత్రి ఎక్కడా నిద్ర చేయలేదు నేను. అయినా నోటి మూలంగా ఇట్లా ఇరుక్కోవడం మా ఇంటికి కొత్త కాదు. మొదటిసారి ఇరుక్కున్నది మా నాన్న. ఇరికించిన నోరు మాత్రం అప్పుడూ నాదే.

మా ఊరు దర్శికి ఆవల. ఊరి చివర, మా వీధి మొత్తానికీ ఉమ్మడిగా ఒక కల్లం ఉండేది, కోసిన మిరపకాయలు ఎండబోసుకునే చదును నేల. సంక్రాంతి దాటాక ఆడవాళ్ళంతా చేరి దాన్ని ఊడ్చి, నీళ్ళు చల్లి, మట్టిపెళ్ళలు దంచి, పేడతో అలికితే, ఎండకి అది పెనంలా గట్టిపడేది. మాఘమాసం ఎండలో కాయ పోశారంటే, చెరువంత ఎరుపు. పొద్దున మంచు తడికి కాయలు మెత్తగా, తోలుచెప్పులా ఉండేవి. మధ్యాహ్నానికి గలగలమని, కాళ్ళతో తిరగేస్తుంటే గాజుల కొట్లో నడిచినట్టుండేది. మేం పిల్లలం ఆ కుప్పల మధ్య సందుల్లో తొక్కుడుబిళ్ళ ఆడి, చెయ్యి కడుక్కోకుండా కన్ను నలుపుకుని, లబోదిబోమంటూ మజ్జిగ కుండ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. తొలి కోత పండుకాయలతో అమ్మ చింతపండు వేసి కొరివికారం నూరేది. వేడి అన్నంలో అది కలిపి నెయ్యి వేస్తే మొదటి ముద్దకి చెవుల్లోంచి ఆవిరి, రెండో ముద్దకి కళ్ళలో నీళ్ళు, మూడో ముద్దకి ఇంకొంచెం అన్నం పెట్టమని చెయ్యి చాచడం.

ఆ కల్లానికి ఒక కర్ర ఉండేది. నిలువెత్తు వెదురుకర్ర, రెండు కొసలా రాగితీగ చుట్టి, పట్టుకునేచోట చేతుల చెమటకి నున్నగా నల్లబడి. ఎవరికి ఎంత జాగా అన్నది ఆ కర్రతోనే కొలిచేవారు. కర్ర ఉన్నవాడు అందరికీ కొలిచి ఇచ్చాక మిగిలిందే తన జాగా. మబ్బు పట్టిందంటే వీధంతా కేకేయాలి, అందరి కాయలూ కప్పాకే తన కాయల దగ్గరికి పోవాలి. పాము వచ్చినా, పంది పడినా, పిన్నీ కోడలూ జాగా కోసం జుట్లు పట్టుకున్నా అతనే విడదీయాలి. దీనికి ఫలితం ఏమిటంటే, అందరిచేతా "పెద్దమనిషి" అనిపించుకోవడం. అంతకు మించి ఏమీ లేదు.

ఆ కర్ర చేతులు మారడానికి ఒకే ఒక పద్ధతి. ఏటా అలుకుడు అయిన మర్నాడు వీధి అంతా కల్లంలో కూర్చునేది. కర్ర ఉన్నాయన దాన్ని నేల మీద పెట్టి, "ఎవరికన్నా చెప్పుకునేది ఉందా?" అని మూడుసార్లు అడిగేవాడు. ఏదైనా లోపం ఉందని మొదట ఎవరి ఇంట్లోంచి మాట వస్తే కర్ర ఆ ఇంటికి పోతుంది. మాట ఎవరిదైతే కర్ర వారిదే. లోపం కనిపెట్టినవాడే దిద్దుకోవాలన్నది పెద్దల లెక్క. చెప్పుకోడానికి బాగానే ఉంటుంది. అందుకే ఏటా ఆ మూడు ప్రశ్నల సేపూ మా వీధంత సుఖమైన వీధి భూప్రపంచంలో ఇంకోటి ఉండేది కాదు.

నేను ఆరో తరగతి చదివే ఏడు కర్ర సుబ్బయ్య తాత దగ్గరుండేది. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరే. వీపు వంగిపోయి, అదే కర్ర ఊతంగా పట్టుకుని కల్లంలోకి వచ్చాడు. మూడోసారి అడుగుతున్నాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నేను దిబ్బ మీద కూర్చుని, పక్కనున్న పిల్లలని నవ్వించడానికి, కాస్త గట్టిగానే, "తాత కర్ర పట్టుకున్నాడా, కర్ర తాతని పట్టుకుందా? కొలిస్తే మూర కాస్తా జానెడు వస్తాంది!" అన్నాను.

గొంతులోంచి మాట వచ్చేదాకా నా చేతిలోనే ఉంది. వచ్చాక అది నాది కాదు, కల్లానిది.

"ఎవరిదా మాట?" అన్నాడు తాత, తల అటూ ఇటూ తిప్పుతూ. ఆ గొంతులో కోపం కంటే ఆశ ఎక్కువుంది. పెద్దాయన్ని అట్లా అన్నందుకు వీపు చిట్లుతుందని నేను దిబ్బ వెనక్కి జారాను. అప్పుడు మా నాన్న లేచాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "నేనే అన్నాను మామా" అన్నాడు.

ఆడపిల్ల గొంతుకీ మా నాన్న గొంతుకీ తేడా తెలియనంత చెవుడు ఆ వీధిలో ఎవరికీ లేదు. కానీ ఆ పూట అందరికీ వచ్చింది. సుబ్బయ్య తాత రెండు చేతులా కర్ర ఎత్తి నాన్నకి ఇచ్చి, అట్లాగే నడుం నిటారుగా పెట్టి ఇంటికి నడిచి వెళ్ళాడు. ఊతం లేకుండా.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం ఇంటికొచ్చాక, "దీని నోట్లో కొరివి పెట్టా! మాటలు ఏరుకోని మాట్లాడవే, కాయలు ఏరినట్టు" అంది. అమ్మ నోటి వాక్కు ఏడాదికే ఎట్లా ఫలించిందో చెబుతాను.

మరుసటి ఏడు నాన్న కర్ర వదిలించుకోవాలనుకున్నాడు. మూడుసార్లు అడిగాడు. వీధంతా దేవుడి గుళ్ళో ఉన్నట్టు కూర్చుంది. నాలుగోసారి కూడా అడిగాడు. ఎవరో దగ్గబోయి అది కూడా మింగేశారు. అప్పుడు నాన్నకి ఒక ఆలోచన వచ్చింది. వీధిలో అందరికంటే పెద్ద నోరు కోటమ్మత్తది. పొరుగింటి కోడి తన పెరట్లో అడుగు పెడితే ఆ కోడి తాతల దగ్గర నుంచి తిట్టేది. నాన్న ఆ కోటమ్మత్తకి కావాలని కల్లంలో పల్లపు జాగా కొలిచి ఇచ్చాడు. పొద్దున పదింటిదాకా ఎండ పడదు, నాలుగు చినుకులు పడితే నీళ్ళన్నీ అటే పోతాయి. ఇచ్చి, ఆవిడ ముందు నిలబడి, "జాగా బాగుందా అక్కా?" అని అడిగాడు.

కోటమ్మత్త మొహం పండుమిరపకాయలా అయింది. మెడ నరాలు లేచాయి. నోరు తెరిచింది. మేమంతా కర్రకేసి చూశాం. "బ్రెమ్మాండంగా ఉంది తమ్ముడూ" అని, విసవిసా ఇంటికిపోయి తలుపేసుకుని, లోపల గోడల్ని తిట్టింది.

శ్రీరామనవమి దగ్గర పడుతోంది. పందిట్లోకి పానకం బిందెలు తోముతున్నారు. మధ్యాహ్నం అన్నాల వేళ పడమటి నుంచి మబ్బు లేచింది. చెరువు మీద గాలి వచ్చినట్టు కల్లం మీద గాలి వచ్చి కాయలు దొర్లాయి. నాన్న కర్ర ఎత్తి వేసిన కేక నాకిప్పటికీ వినపడుతుంది. వీధంతా పరిగెత్తాం. పట్టాలు లాగాం, రాళ్ళు పెట్టాం. అందరివీ అయ్యాయి, మావి మిగిలాయి. నాన్న మా కుప్ప వైపు తిరిగేసరికి పల్లంలో నీళ్ళు చేరుతున్నాయి, కోటమ్మత్త కాయల కిందికి. ఆ పల్లం ఆవిడకి ఇచ్చింది ఎవరు? నాన్న పార తీసుకుని అక్కడికి పరిగెత్తాడు. కాలవ తీసి నీళ్ళు మళ్ళించేదాకా కదల్లేదు. నేనూ అమ్మా ఒక పట్టా చెరో కొసా పట్టుకుంటే గాలి దాన్ని మా ఇద్దరితో సహా ఎగరేసింది. మా కాయలు మా కళ్ళ ముందే నానిపోయాయి.

తడిసిన కాయ ఎండినా ఎరుపు రాదు. తెల్లగా, పాలిపోయి, ముసలోళ్ళ గోళ్ళలా అవుతుంది. దాన్ని తాలు అంటాం. మర్నాడు అందరూ కల్లంలో ఉండగా అమ్మ కొంగు దోపుకుని నడిమధ్యకి వచ్చింది. "నేను అంటన్నా, వినండి! నాకు చెప్పుకునేదుంది. ఊరందరి కాయలూ కప్పి ఇంటి కాయలు తడిపినోడు ఏం పెద్దమనిషి? నేను ఒప్పుకోను!"

నాన్న కర్ర పట్టాక వచ్చిన మొదటి ఫిర్యాదు అది. సుబ్బయ్య తాత కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. నాన్న చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. అందరి వంకా చూశాడు. మళ్ళీ నాన్న చేతిలోనే పెట్టాడు.

"మాట నీ ఇంట్లోంచే వచ్చింది అల్లుడా" అన్నాడు.

అప్పుడు నవ్వింది మా నాన్న ఒక్కడే. కాసేపటికి అమ్మ కూడా, ఏడుపు మధ్యలో. ఇంక అందరూ.

మేం ఇరవై రోజులు తాలు ఏరాం, మంచి కాయ ఒక పక్కకి, తెల్లది ఒక పక్కకి. వేళ్ళ సందుల్లో మంట రాత్రిళ్ళు కూడా ఆగేది కాదు, తడి మట్టి పూసుకుని పడుకునేవాళ్ళం. కోటమ్మత్త రోజూ పొద్దున్నే వచ్చి మా పక్కన కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా సాయంత్రందాకా ఏరేది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ ఇరవై రోజుల్లోనే ఏడో తరగతి పరీక్షలు వచ్చి వెళ్ళిపోయాయి, వాటితో పాటే నా చదువూ. నన్ను ఎవరూ పొమ్మనలేదు, వద్దనలేదు. నేనూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? ఆ కర్ర ఇంటికి తెచ్చింది నేను.

నాన్న దగ్గర ఆ కర్ర పదకొండేళ్ళుంది. ఆ తర్వాత కల్లాన్నే ఇళ్ళ స్థలాలు చేశారు.

ఇప్పుడు మళ్ళీ మార్చి. ఈసారి నవమికి వస్తానని ఊళ్ళో ఉన్న మా తమ్ముడికి మాటిచ్చాను. అందుకని నెల రోజులుగా మా నాన్న విద్యే నేనూ మొదలుపెట్టాను. మూర్తిగారి లైనుకి కావాలని అరగంట ఆలస్యంగా నీళ్ళు వదిలాను. "మీ నిర్వహణ అద్భుతం పద్మగారూ" అన్నారాయన, ఒంటి మీద సబ్బు నురగతో గేటు దగ్గరికొచ్చి మరీ. మొన్న ఆదివారం మీటింగులో గుత్తి బల్ల మీద పెట్టి, "ఎవరికైనా చెప్పుకునేది ఉందా?" అని అడిగాను. నలభై ఇళ్ళూ చెప్పులకేసి చూసుకున్నాయి.

"మా ఇంటికి నీళ్ళు రావట్లేదు! వీళ్ళు నీళ్ళిచ్చేలోపల నేను పెళ్ళికూతురినై పోతా!"

చివరి బల్ల మీంచి. నెల కిందట అద్దెకి దిగిన సువార్త టీచరుగారి అమ్మాయి, పదకొండేళ్ళుంటాయి. టీచరుగారు దాని నోరు మూస్తోంది. అందరూ ఒక్కసారిగా ఆ తల్లి వైపు తిరిగారు. వాళ్ళ మొహాల్లో అంత ప్రేమ నేనెప్పుడూ చూడలేదు. మూర్తిగారి చేతులు అప్పటికే చప్పట్లకి లేచాయి. గుత్తి నాకు జానెడు దూరంలో ఉంది. ఒక్క తోపు తోస్తే చాలు. నవమి, పానకం, తెల్లారిందాకా నిద్ర.

"ఎవరిదమ్మా ఆ మాట?" అన్నారు మూర్తిగారు.

"నేనే అన్నానండీ" అన్నాను. గుత్తి తీసి బొడ్లో దోపుకున్నాను.

మీటింగు అయ్యాక టీచరుగారు నా దగ్గరికొచ్చి, "సారీ అండీ, దానికి నోరెక్కువ" అంది. "వాల్వు రేపు చూస్తాను. పిల్లని బడికి మాత్రం మానకుండా పంపండి, మీటింగులకి అసలు తేకండి" అన్నాను.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోను చేశాను. ఈ ఏడు కూడా రాలేనన్నాను. "కర్ర వదల్లేదా అక్కా?" అన్నాడు వాడు. అసలు కర్ర ఏమైందిరా అని అడిగాను. దండేనికి ఊతంగా పెడితే మొన్న గాలికి విరిగిందట, రాగితీగ పిల్లలు ఊడదీసి బొంగరానికి చుట్టుకున్నారట. కల్లం ఉన్నచోట మూడు డాబాలు లేచాయట. ఎవరి కాయలు వాళ్ళు ఎవరి చేలో వాళ్ళే పట్టాల మీద పోసుకుంటున్నారు, మబ్బు పడితే కేకేసేవాళ్ళు లేరన్నాడు. ఇంక పెట్టేయరా అన్నాను, ఐదింటికి మోటారు వేయాలి.