అయిపోయిన మూడు పానాలు

మొన్న సంగారెడ్డి బస్టాండ్ల ఒక పిల్ల ఫోన్‌ల ఆడుకుంటుంటే, బొమ్మ గోడల మీద గెంతే ఆ పాత చప్పుడు వినపడ్డది. మా చిన్ననాటి ఆట, ఇంకా నడుస్తనే ఉంది. నాకు మాత్రం అది మొదటిసారి ఆడిన దినం యాదికొచ్చింది.

పటాన్‌చెరుల మాది కిరాణ దుకాణం. పక్కింటి నస్రీన్ ఆపా టీవీకి వీడియో గేమ్ తగిలించి, నన్ను ఆడుకోమని వంటింట్లకు పోయింది. బొమ్మకు మూడు పానాలు, మూడుసార్లు సచ్చిందంటే ఆట ఖతం. మూడింటినీ గుంతల పడేసిన. తెర నల్లగైంది.

దుకాణంల సరుకు అయిపోతే నాయిన బేగంబజార్ పోయి తెస్తడు. పానాలు ఏ బజార్ల దొరుకుతయి? ఆపా ఆటను మొత్తం వాడి పడేసిననుకున్న. కొత్తది కొనియ్యాల్సొస్తే నాయిన నా వీపు సాఫ్ చేస్తడు.

ఆపా చేతులు తుడుసుకుంట వచ్చింది.

"ఆపా, పానాలన్నీ ఖతమైనయి. నాయినకు చెప్పకు. ఒక పొట్లం ఖారా బిస్కెట్లు తెస్త."

ఆమె తెర దిక్కు సూసింది, నా మొహం దిక్కు సూసింది.

"మూడు పానాలకు ఒక్క పొట్లమారా? మూడు తే."

"రెండు. పైన నాలుగు చాక్లెట్లు."

"సరే, జల్దీ తే."

ఉరికిపోయి తెచ్చిన. ఆమె తీరుబడిగ ఒక బిస్కెట్ తిని, బటన్ నొక్కింది. మూడు పానాలు మళ్ల వచ్చినయి.

మోసపోయినని తట్టనే లేదు. ఇంత సస్తకు పానాలు దొరికినయని కడుపునిండ గాలి పీల్చుకున్న. ఇయ్యాల బేరంల నన్ను గెలిచేటోళ్లు తక్కువ. ఆ దినం మాత్రం ఆపా జెర గట్టిగ నిలబడితే, మూడో పొట్లం గూడ ఇచ్చేటోన్ని.