గిటార్ వినపడని పాట

రికార్డింగ్ మేస్టారు మంగళవారం పొద్దున్న పోయారు. రాజమండ్రిలో ఆయన షాపు పక్కన జిరాక్సు పెట్టుకున్నాయన ఫోన్ చేసి చెప్పాడు. బండి స్టాండు వేసి రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయాను. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ల తరబడి నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని మీతో చెప్పుకోవడం తప్ప నాకు దారి లేదు.

తొంభైల చివర్లో మేం నలుగురం కాలేజీ స్నేహితులం రాక్ బ్యాండ్ పెట్టాం. గిటార్ నాది, గొంతు రవిది. మాదంటూ ఒక్క పాటా లేదు, అన్నీ పరాయివే వాయించేవాళ్లం. ఇంతలో రవి గొంతులో గడ్డ ఉందని, వెంటనే తీసెయ్యాలని కాకినాడలో డాక్టరు గారు చెప్పారు. ఆ తర్వాత పాడగలడో లేదో చెప్పలేమన్నారు. వారం గడువుంది. ఆ వారంలోనే మా మొదటి పాట పుట్టింది. కొవ్వూరు నుంచి పాసింజరు రైలు వంతెన దాటుతుంటే రవి ‘ఉన్నాను, ఇంకా ఉన్నాను’ అని ఎత్తుకున్నాడు. డ్రమ్మరు సీటు చెక్క మీద దరువేశాడు. దిగేసరికి పల్లవి కుదిరింది. వాడి గొంతు ఉండగానే దాన్ని టేపులో దాచుకోవాలని మా ఆత్రం.

పెద్ద స్టూడియోలు మాకెక్కడివి? మేస్టారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన హరికథలూ, వ్రత కథలూ, ఎన్నికల ప్రచారాలూ రికార్డు చేసేవారు. మేడ మీద గది, గోడలకి పాత పరుపులు. కాలేజీ పిల్లల్ని కూడా అండి అనే పిలిచేవారు. బటన్ నొక్కే ముందు ఫ్యాన్ ఆపి, చెప్పులు విడిచేవారు. ‘మాట వినపడకపోతే మైకెందుకండి బాబూ’ అన్నది ఆయన ఊతపదం.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం మొదలుపెట్టాం. గిటార్ శబ్దాన్ని కావాలనే బరబరలాడించే పెడల్ ఒకటి కొత్తగా కొన్నాను. అది తగిలించి, నా గిటార్ వైరు ఆయన మిక్సర్‌కి ఇచ్చాను. హెడ్‌ఫోన్ ఒక్కటే, అది ఆయన చెవులకే. బరబరమన్న శబ్దం వినగానే లేచొచ్చి నా వైరు ఊపి చూశారు, పిన్ను స్పిరిట్‌తో తుడిచారు. ‘దాని సౌండే అంతండి’ అన్నాను. తలూపారు. రెండుసార్లు తప్పి, మూడోసారి పాట పూర్తయింది. అప్పటికి రవి నీళ్లు కూడా మింగలేకపోతున్నాడు.

టేపు వేస్తే అందులో నా గిటార్ లేదు.

‘వైరు లూజండి. పాట పాడైపోద్దని మీ లైను దించేశాను’ అన్నారు, మంచి పని చేసినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ‘హరికథలు చేసుకోక ఇవన్నీ మీకెందుకండి’ అనేశాను, అంత పెద్దాయన్ని. రవి నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని మెట్లు దిగిపోయాను.

ఆపరేషన్ బాగానే జరిగింది, గొంతు మాత్రం పోయింది. రవికి గుసగుసే మిగిలింది. బ్యాండూ అక్కడితో సరి.

రెండేళ్ల తర్వాత బస్టాండులో మేస్టారు నన్ను గుర్తుపట్టి వచ్చారు. ‘ఆ సౌండు అంతేనంటండి. మా మనవడు టీవీలో చూపించాడు. తెలీక చేశాను బాబూ, ఏమీ అనుకోకండి’ అన్నారు. ‘పర్లేదులెండి’ అని భీమవరం బస్సెక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. దిగాల్సింది. దిగలేదు, నా పొగరు అలాంటిది.

ఆ టేపు నేనెప్పుడూ మళ్లీ వినలేదు. మొన్న దహనం అయ్యాక రవి ఇంటికి వెళ్తే వాడే పెట్టాడు. నా గిటార్ ఉండుంటే ఆ రొదలో ఏం మిగిలేదండి? అది లేదు కాబట్టి వాడు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. మేస్టారూ, మీరు చేసింది తప్పు కాదండి. ఈ మాట చెప్పడానికి నాకిన్నేళ్లు పట్టింది, మీరేమో వెళ్లిపోయారు.

రవి కూతురికి నాలుగేళ్లు. పాడుతున్నది ఎవరని అడిగింది. రవి తన గుండె మీద చెయ్యి వేసి చూపించాడు. ఆ పిల్ల నమ్మలేదు. వాడి ఒళ్లోకెక్కి, మెడ మీది కుట్ల మచ్చకి చెవి ఆనించి, పాట అయిపోయేదాకా అలాగే వింది.