గూట్ల మూడో ముద్ద

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చేతిల పనుంటే చేసుకుంటనే వినుండ్రి. పోయిన ఎండకాలం మా ఇంట్ల అయిన ముచ్చట ఇది.

మాది బోధన్ అవతల ఊరు. ఇంత చెరుకు పెడతం, ఇంటి మందం, మేం తినేటంత బెల్లం వండించుకుంటం. అప్పుడు మా కోడలికి ఏడో నెల. మెండోర ఊరి పిల్ల, బెల్లమంటే పానం. పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టాలని నా పాత చీరెలు మూట గట్టి అటుక మీద పెట్టిన. ఎలుకలు కొరుకుతయని భయమై, ఒకనాడు పొద్దుమూకి ఎలుకల మందు బెల్లంల కలిపి గోలీలంత ముద్దలు మూడు చేసిన. అటుక కింద గోడల ఉన్న గూట్ల పెట్టిన. మిగిలిన ఉత్త బెల్లం ముక్కలు సుత ఆ పక్కనే పెట్టి మర్చిపోయిన. గింత వయసొచ్చినా గదే నా తెలివి.

తెల్లారి చీరెల మూట దించి వాకిట్ల ఎండకు పెట్టిన. లోపలికొస్తే కోడలు వేళ్లు నాక్కుంటున్నది.

"ఏం తిన్నవే?"

"గూట్ల బెల్లం, అత్తమ్మ."

"ముక్కనా, ముద్దనా?"

"గూట్ల చీకటి, ఏం కనవడ్తది? చేతికందింది నోట్లేసుకున్న."

పోయి చూస్తే గూట్ల రెండే ముద్దలున్నయి. ఉన్నదున్నట్టు చెప్పిన. కోడలు కడుపు మీద చెయ్యి పెట్టుకొని గడప మీద కూలవడ్డది. కొడుకు ఆటో కోసం ఉరికిండు.

గప్పుడు చూసిన, వాకిట్ల ఎండల ఒక చిట్టెలుక. మనుషులను చూసి ఉరుకుతలేదు. మూట సుట్టు తిరుగుడు, ఆగుడు, మల్ల తిరుగుడు. నా కాలు మీదికెళ్లే పోయింది. నాకు పానం లేసొచ్చింది.

"మందు దీనికెక్కింది. మూడో ముద్ద ఇదే తిన్నది" అన్న. ఎలుకకు పిచ్చి లేసిందని సంబురపడ్డదాన్ని ఊర్ల నేనొక్కదాన్నే ఉంట.

పక్కింటాయన పశువుల దవాఖానల పనిచేసి రిటైరైండు. గోడ మీదికెళ్లి వంగి చూసిండు. మందు డబ్బ చూపియ్యిమంటే చూపిచ్చిన.

"వదినె, గీ మందు తిన్న ఎలుక రెండు మూడు రోజులు మామూలుగనే తిరుగుతది. నిన్న పెడితే ఇయ్యాల గిట్ల చెయ్యదు."

"మరి గిట్లెందుకు చేస్తుంది?"

"చెవుల చీము పడితే తల ఒక్క దిక్కు వంచి గిరగిర తిరుగుతది. దీని తల సక్కగనే ఉన్నది. ఎండ దెబ్బయితే సోలుతది. ఇది సోలుతలేదు."

"ఇన్ని తెలుసు గదా నీకు, నా కోసం ఒక్క అబద్ధం చెప్పరాదు?" అన్న.

ఆయన నవ్వలే. "అది మూటను ఇడుస్తలేదు, చూడుండ్రి" అన్నడు.

కోడలే లేసొచ్చింది. "అత్తమ్మ, మూట ఇప్పుండ్రి."

ఇప్పిన. నడిమి చీరె మడతల కొరికిన పీలికలు, దూది లెక్క. దాంట్ల కండ్లు తెరువని పిల్లలు ఐదు. వాటి పక్కన నా ముద్ద. నా వేళ్ల అచ్చులు అట్లనే ఉన్నయి, ఒక దిక్కు చిన్న పంటి గాటు. తినకుంట ఈడ్చుకపోయి దాసుకున్నది. పిల్లలున్న మూటను నేను దించుకొచ్చిన, అది పిల్లల కోసం ఎంబడొచ్చింది. పిచ్చి లేదు, మందు లేదు.

నేను అక్కడనే నేల మీద కూసొని కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్న. కోడలు నా ఈపు నిమిరింది.

పక్కింటాయన ముద్దలు మూడూ గుంత తీసి పూడ్చిండు. పిల్లలను పీలికలతోనే నీడకు పెట్టిండు. మేము ఆటో ఎక్కేటప్పటికి ఎలుక ఒక్కొక్కదాన్ని నోట కరుచుకొని గడ్డివాము దిక్కు మోస్తున్నది.

మనసు ఆగక నిజామాబాద్ దాక పోయి చూపిచ్చినం. డాక్టరమ్మ చూసి, "తల్లి, బిడ్డ ఇద్దరు మంచిగున్నరు" అన్నది. తిరిగొస్తుంటే కోడలు మెల్లగ అడిగింది, "అత్తమ్మ, దార్ల బెల్లం దొరుకుతదా?" ఆటో ఆయన సుత నవ్విండు.

కొరికిన చీరె తీసేసి, మిగిలినయి ఉతికి బొంత కుట్టిన. ఇప్పుడు నా మనుమరాలు దాని మీదనే పండుతది.

మీ గూట్ల బెల్లం ఉత్త బెల్లంగనే ఉండాలె. మీ ఇంటి బొంతల మీద పిల్లలు సల్లగ నిద్రపోవాలె.