తెగిన పోగు

తెగిన పోగు కనబడితే మా పెద్దబాపు చెయ్యి ఊరుకునేది కాదు. మాట్లాడుతూనే నా చొక్కా అంచు అందుకుని ముడి వేసేవాడు.

కూలి పెంచాలన్న కొట్లాటలో పట్టుబడి ఆయన జైల్లో ఏళ్లకేళ్లు జంపఖానాలు నేశాడు. ఆ జైలు మ్యూజియమైంది. ఆఫీసువాళ్లతో చూడబోతుంటే, "జర నన్ను గూడ తీస్కపో బిడ్డా" అన్నాడు.

లోపల ఆయన నేసిన మగ్గమే ఉంది, చుట్టూ తాడు. పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. తాడు దాటి చెయ్యి చాపాడు.

"ఓ తాతా, ముట్టద్దు! ఖరాబైతది!" గార్డు అరిచాడు.

పెద్దబాపు నావైపు చూశాడు. నా పక్కన ఆఫీసువాళ్లున్నారు.

"ముసలాయన, ఏం తెల్వదన్నా. ఇడ్సిపెట్టు" అన్నాను.

ఆ తర్వాత ఎన్నోసార్లు పోగులు లేచిన చొక్కా తొడుక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. చనిపోయేదాకా ఆయన చెయ్యి తన ఒడిలోనే ఉంది.